టీబీ టెస్టు మీద థీసిస్ మొదలుపెడుతున్న బుజ్జికి

బుజ్జీ,

నీ టాపిక్ సంగతి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది, తర్వాత నువ్వు వాట్సాప్‌లో పెట్టిన రెండు పేజీలూ చదివాను. పిల్లల్లోనూ 60 దాటినవాళ్ళల్లోనూ ఊపిరితిత్తుల టీబీ పట్టుకోవడానికి సీబీనాట్ (టీబీ క్రిమి డీఎన్ఏని మెషిన్‌తో పట్టే టెస్టు) ఎంతవరకు పనికొస్తుందో చూస్తానన్నావు. టాపిక్ మంచిదే. ఇన్నేళ్ళు చెస్ట్ వార్డులో ఉండి ఎంతోమంది పీజీల థీసిస్‌లు దిద్దినదాన్ని కదా, నాకు తోచినవి రాస్తున్నా. ఫోన్‌లో చెప్తే నువ్వు ఊఁ ఊఁ అని మర్చిపోతావు.

ముందుగా చెప్పేది, ఆ రెండు వయసుల్నీ ఒకే టేబుల్లో కలిపి చివర్లో ఒకే సెన్సిటివిటీ అంకె, అంటే జబ్బున్నవాళ్ళల్లో నూటికి ఎంతమందిని టెస్టు పట్టిందన్నది, చూపిద్దామనుకుంటే వద్దు. పైకి రెండూ ఒకటే కష్టంలా కనిపిస్తాయి, పసివాడు చెప్పలేడు, ముసలాయన చెప్పడు, ఇద్దరి తరఫునా ఇంకెవరో మాట్లాడతారు, ఇద్దరికీ కళ్ళె సరిగ్గా రాదు. కానీ లోపల జరిగేది వేరు. చిన్నపిల్లల్లో క్రిములే తక్కువ, పుండు పడి కేవిటీ అవ్వడం అరుదు, వచ్చిన కాస్త కళ్ళె మింగేస్తారు. పెద్దవాళ్ళల్లో క్రిములు ఉండొచ్చు, కానీ జ్వరం పెద్దగా రాదు, బరువు తగ్గితే షుగర్ అనుకుంటారు, దగ్గు ఉంటే బీడీల దగ్గు అనుకుంటారు, ఎక్స్‌రేలో మచ్చ కనిపిస్తే ఎప్పటిదో పాతది అనుకుంటారు. ఒకచోట టెస్టుకే దొరకదు, ఇంకోచోట టెస్టు చేయించాలన్న ఆలోచనే ఎవరికీ రాదు. ఈ తేడా నీ ప్రోటోకాల్ మొదటి పేజీలోనే ఉండాలి. ఇంకా చెప్పాలంటే రెండిట్లో ఒకటే తీసుకో, ఎందుకో కింద లెక్క వేసి చూపిస్తా.

నేను దిద్దిన వాటిల్లో ఎక్కువ శాతం దెబ్బతిన్నది స్టాటిస్టిక్స్‌లో కాదే, ఎవరిని తీసుకున్నారన్న దగ్గర. టీబీ అని ఖాయమైపోయి మందులు వాడుతున్న పిల్లల్ని ఒకవైపు, టీకాలకి వచ్చిన ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని ఇంకోవైపు పెట్టి టెస్టు చేస్తారు, రిజల్ట్ అద్భుతంగా వస్తుంది, ఎందుకు రాదు, వాళ్ళని చూసి మన వార్డు ఆయా కూడా చెప్పేస్తుంది ఎవరికి జబ్బుందో. ఈ సంగతి ర్యాన్సహాఫ్, ఫైన్‌స్టీన్ అనే ఇద్దరు 1978లోనే రాశారు, స్పెక్ట్రమ్ బయాస్ అంటారు, అయినా ఇప్పటికీ ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు ఇదే చేస్తారు. నువ్వు తీసుకోవాల్సింది నీకు నిజంగా డౌట్ వచ్చిన పిల్లల్ని, అంటే రెండు వారాలకి పైగా దగ్గు, తగ్గని జ్వరం, బరువు పెరగకపోవడం, ఇంట్లో ఎవరికో టీబీ ఉండటం, ఇలా టీబీ కావచ్చు కాకపోవచ్చు అనిపించేవాళ్ళని. వాళ్ళల్లో కొందరికి చివరికి ఆస్తమా అని తేలుతుంది, కొందరికి మామూలు న్యుమోనియా, తేలనీ. టెస్టుకి అసలు పరీక్ష వాళ్ళ దగ్గరే. అలా వచ్చినవాళ్ళని వరసగా తీసుకో, నీకు తీరిక ఉన్న ఓపీ రోజుల్లో మాత్రమే కాదు. ఎంతమందిని చూశావు, ఎవరు వద్దన్నారు, ఎవరు చెప్పకుండా వెళ్ళిపోయారు, అన్నీ ఒక లాంగ్ నోట్‌బుక్‌లో మొదటి రోజు నుంచీ రాసుకో, చివర్లో స్టార్డ్ (టెస్టుల మీద చేసే స్టడీలని ఎలా రాయాలో చెప్పే నియమాలు) ఫ్లో డయాగ్రామ్ వేసేటప్పుడు అదే నిన్ను కాపాడుతుంది. స్టార్డ్ 2015 చెక్‌లిస్టులో 30 అంశాలుంటాయి, అది థీసిస్ రాసేటప్పుడు తీసేది కాదు, ప్రోటోకాల్ రాసేముందే ప్రింట్ తీసి గోడకి అంటించుకో.

ఇక రెండో తలనొప్పి. జబ్బు ఉందని దేన్ని బట్టి అంటావు? కల్చరే, అంటే శాంపిల్‌లో క్రిముల్ని ల్యాబ్‌లో పెంచి చూడటమే, గోల్డ్ స్టాండర్డ్ అని రాశావు. పెద్దవాళ్ళ వరకు సరే, ఎమ్‌జీఐటీ అనే కల్చర్ పద్ధతిలో నెగటివ్ అని చెప్పడానికి 42 రోజులు ఆగాలి, ఆగు. కానీ పిల్లల్లో మందులు మొదలుపెట్టే వాళ్ళల్లో సగానికి పైగా కల్చర్ కూడా నెగటివే వస్తుంది, అప్పుడు వాళ్ళందరినీ టీబీ లేనివాళ్ళ కాలమ్‌లో వేసేస్తావా? షైన్ ట్రయల్ చదివావు కదా, యుగాండా, జాంబియా, సౌతాఫ్రికా, మన దేశంలో చెన్నై, పూణే, 1204 మంది పిల్లలు, తీవ్రం కాని టీబీకి ఆరు నెలల బదులు నాలుగు నెలలు చాలని 2022లో తేల్చారు. అందులో కూడా ఎక్కువమందికి ల్యాబ్‌లో క్రిమి దొరకలేదు, డాక్టర్లు లక్షణాలూ ఎక్స్‌రే చూసి టీబీ అన్నవాళ్ళే. అందుకే పిల్లల టీబీ రీసెర్చ్ చేసేవాళ్ళు కూర్చుని కన్ఫర్మ్డ్, అన్‌కన్ఫర్మ్డ్, అన్‌లైక్లీ అని మూడు గుంపులు చేసుకున్నారు, 2012లో మొదలుపెట్టి 2015లో సవరించారు. నువ్వూ అదే వాడు. ఒక్క జాగ్రత్త, ఆ పద్ధతిలో సీబీనాట్ పాజిటివ్ అయితే కూడా కన్ఫర్మ్డ్ కిందే వేస్తారు, నువ్వు పరీక్షించేది సీబీనాట్‌నే కాబట్టి దాన్ని తీసేసి కల్చర్‌తోనే కన్ఫర్మ్ అనాలి. లేకపోతే విద్యార్థి తన పేపర్ తనే దిద్దుకున్నట్టు ఉంటుంది. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ముందు అడిగేది ఇదే, రాసిపెట్టుకో.

ఇంకోటి, రెండు నెలలకి మళ్ళీ పిలిచి చూడాలి. మందులకి బరువు పెరిగిందా, మందులు ఇవ్వని పిల్లలు వాటంతట అవే బాగయ్యారా అన్నది ఆ అన్‌కన్ఫర్మ్డ్ గుంపులో చాలా విషయాలు తేలుస్తుంది. అంగన్‌వాడీ గ్రోత్ కార్డు ఉంటే తెమ్మను, పాత బరువులు అందులో దొరుకుతాయి, తల్లి "బానే తింటున్నాడండి" అన్నా కార్డులో గీత ఎప్పుడు ఆగిందో కనిపిస్తుంది.

శాంపిల్ సంగతి. గ్యాస్ట్రిక్ ఆస్పిరేట్ (పిల్లాడు మింగిన కళ్ళెని ట్యూబుతో కడుపులోంచి తీయడం) అని రాసి వదిలేశావు, ఎప్పుడు తీస్తావు? రాత్రంతా ఏమీ తినకుండా పొద్దున్నే పిల్లాడు లేచి తిరగకముందే తీయాలి, లేచి తిరిగితే కడుపు దాన్ని కిందికి తోసేస్తుంది, అంటే ముందురోజే అడ్మిట్ చేయాలి, అంటే తల్లికి ఆ రోజు కూలీ పోతుంది, ఇంట్లో ఇంకో పిల్ల ఉంటుంది. కల్చర్‌కి పంపడం లేటయ్యేట్టుంటే సోడియం బైకార్బొనేట్ కలపాలి, లేకపోతే కడుపులో యాసిడ్ క్రిముల్ని చంపేస్తుంది. మలంతో కూడా సీబీనాట్ చేయొచ్చని 2022 డబ్ల్యూహెచ్ఓ గైడ్‌లైన్స్‌లో ఉంది, అది పిల్లాడికి నొప్పి లేని పని, ట్యూబు వేయక్కర్లేదు, అడ్మిషన్ అక్కర్లేదు. నన్నడిగితే నీ థీసిస్‌లో కొత్తదనం ఏదైనా ఉంటే ఇక్కడే ఉంటుంది, అదే పిల్లాడి దగ్గర ఆస్పిరేట్, మలం రెండూ తీసి పక్కపక్కన పెట్టు. మీ మైక్రోబయాలజీ వాళ్ళు మలం శాంపిల్స్ తీసుకుంటారో లేదో ముందే వెళ్ళి అడుగు, ప్రోటోకాల్ పాసయ్యాక కాదు. ఆ ల్యాబ్ టెక్నీషియన్‌ని సార్ అని పిలువు, టీ తాగిద్దువు గానీ, నీ రెండేళ్ళూ ఆయన చేతిలోనే ఉంటాయి.

అలాగే అక్కడ ఉన్నది సీబీనాట్ మెషిన్‌లో పెట్టే పాత కార్ట్రిడ్జా, దాని కొత్త రకం అల్ట్రానా, లేక గోవా మోల్‌బయో వాళ్ళ ట్రూనాటా అన్నది కూడా కనుక్కో. అన్నిట్నీ సీబీనాట్ అని ఒకే పేరుతో రాసేస్తే కుదరదు. స్మియర్‌లో, అంటే గాజుపలక మీద పూసి మైక్రోస్కోప్‌లో చూసినప్పుడు, కనిపించాలంటే మిల్లీలీటరుకి వేలల్లో క్రిములుండాలి, పాత కార్ట్రిడ్జ్‌కి వంద పైచిలుకు చాలు, అల్ట్రాకి 16 దాకా చాలంటారు. అయితే అల్ట్రాతో ట్రేస్ (క్రిమి జాడ మరీ కొద్దిగా ఉందని) అనే రిజల్ట్ ఒకటి వస్తుంది, రెండు వయసులూ కలపొద్దని నేను అనడానికి అసలు కారణం అదే. నాలుగేళ్ళ పిల్లాడిలో ట్రేస్ వస్తే పాజిటివ్ కిందే లెక్క, ఎందుకంటే వాడిలో ఉండేవే కాసిని. అదే ట్రేస్, మూడేళ్ళ క్రితం టీబీ మందుల కోర్సు వాడిన డెబ్భై ఏళ్ళ తాతలో వస్తే అది చచ్చిన క్రిముల డీఎన్ఏ కావచ్చు, కల్చర్ వచ్చేదాకా, మనిషిని మళ్ళీ చూసేదాకా గట్టిగా ఏమీ అనలేం. ఒకే మెషిన్, ఒకే రిపోర్ట్, నువ్వేమో రెండిట్నీ ఒకే పాజిటివ్ కాలమ్‌లో వేద్దామనుకున్నావు. ట్రేస్‌ని ఏ వయసులో ఎలా లెక్కిస్తావో డేటా చూడకముందే రాసి సంతకం పెట్టించు. ఎర్రర్, ఇన్‌వ్యాలిడ్ వచ్చినవి కూడా తీసేయకు, ఎన్ని వచ్చాయో చూపించు.

పెద్దవాళ్ళ దగ్గరికొస్తే, ముందు వయసే తేలదు. ఆధార్‌లో ఎంతమందికి జనవరి 1 పుట్టినరోజో చూడు. మన వైపు నేనైతే దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు పెళ్ళయిందా, పిల్లలు పుట్టారా అని అడిగేదాన్ని, అది 1977 నవంబర్, అక్కడినుంచి లెక్కేస్తే కాస్త దగ్గరగా వస్తుంది. తెలంగాణ నుంచి వచ్చినవాళ్ళల్లో బాగా పెద్దవాళ్ళని రజాకార్ల టైం గురించి అడగొచ్చు, 1948. తర్వాత హిస్టరీ. కోడలు చెప్పేది రాసుకో, కానీ కోడల్ని బయట కూర్చోమని ఆయన్నీ విడిగా అడుగు, చెవి వినపడకపోతే ఎదురుగా కూర్చుని మెల్లిగా అడుగు. ఇంతకుముందు టీబీ వచ్చిందా అంటే ఇంట్లోవాళ్ళ ముందు చాలామంది లేదనే అంటారు, పాత ఎక్స్‌రేలు సంచీలో ఉన్నాయా అని అడిగితే బయటపడుతుంది. జ్వరం లేదన్నారు కదా అని వదిలేయకు, థర్మామీటర్ పెట్టు, మామూలుగానే వాళ్ళ ఒంటి వేడి కాస్త తక్కువ ఉంటుంది కాబట్టి పెద్దగా పెరిగినట్టు కనిపించదు. తిండి మానేశాడు, పడుకునే ఉంటున్నాడు, మాటలు తడబడుతున్నాయి, ఈ మూడూ నీ ప్రొఫార్మాలో, అంటే పేషెంట్ వివరాలు నింపే ఫారంలో, ఉండాలి, ఇప్పుడున్న దాంట్లో దగ్గు, జ్వరం, కళ్ళె, రాత్రి చెమటలు ఇవే ఉన్నాయి, అవి ముప్పై ఏళ్ళవాడి లక్షణాలు.

లెక్క చెప్తానన్నాను కదా. సెన్సిటివిటీ 60 శాతం ఉంటుందనుకో, 10 శాతం అటూఇటూగా చెప్పాలంటే జబ్బు ఉన్నవాళ్ళు 92 మంది పైన కావాలి. జబ్బు ఉన్నవాళ్ళు, గమనించు, మొత్తం కాదు. నువ్వు అనుమానించిన ప్రతి ఐదుగురిలో ఒకరికే నిజంగా ఉంటే మొత్తం 460 మందిని చూడాలి. రెండు వయసులకీ విడివిడిగా అయితే దానికి రెట్టింపు. పిల్లల్లో కల్చర్ పాజిటివ్‌లు అయితే ఐదుగురిలో ఒకరు కూడా రారు, అంటే ఇంకా పెరుగుతుంది. నీకున్న టైంలో, ఒక్క హాస్పిటల్లో, నైట్ డ్యూటీలు చేసుకుంటూ, ఎలా? 50 మందితో చేసి 60 శాతం అని రాస్తే కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు అంకె ఎంతనుంచి ఎంతదాకా ఉండొచ్చన్నది) చూసిన ఎవరైనా నవ్వుతారు. కాబట్టి ఒకే వయసు తీసుకో, ఇంటర్వెల్ కాస్త వెడల్పుగా ఉంటుందని ముందే ఒప్పుకుని రాసుకో, తప్పేం లేదు.

ఎక్స్‌రేలు ఇద్దరు విడివిడిగా చదవాలి, టెస్టు రిజల్ట్ తెలియకుండా. పసిపిల్లల ఫిల్మ్‌లో థైమస్‌ని (పసిపిల్లల ఛాతీలో మామూలుగానే పెద్దగా ఉండే గ్రంథి) చూసి టీబీకి గ్రంథులు వాచాయనుకోవడం, పిల్లాడు పక్కకి తిరిగి ఉంటే లేనిది కనిపించడం మామూలే, రిజల్ట్ ముందే తెలిస్తే మన కన్ను ఇంకా ఎక్కువ చూస్తుంది. ఇద్దరు చెప్పిందీ కలవకపోతే మూడోవాళ్ళ దగ్గరికి పంపు.

కన్సెంట్ దగ్గర నీతో కొంచెం గట్టిగానే మాట్లాడాలి. ఐసీఎమ్ఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 గైడ్‌లైన్స్ ప్రకారం ఏడేళ్ళు దాటిన పిల్లల్ని కూడా అడగాలి, 12 దాకా నోటిమాటతో, ఆపైన రాతపూర్వకంగా, అమ్మానాన్న సంతకం ఎలాగూ ఉండాలి. ఇది నీకు తెలుసు, రాశావు కూడా. కానీ పెద్దవాళ్ళకి "కుమారుడు లేదా బంధువు సంతకం" అని పెట్టావే, అది ఎందుకు? అరవై ఐదేళ్ళావిడ తెలివిగా కూర్చుని నీతో మాట్లాడుతుంటే కొడుకు సంతకం ఏంటి? ఆవిడ ఒప్పుకుంటే ఆవిడే పెడుతుంది, చదువు రాకపోతే వేలిముద్ర, పక్కన మన టీంకి సంబంధం లేని సాక్షి. మనిషికి తెలివి తప్పి అర్థం చేసుకోలేని స్థితిలో ఉంటేనే బంధువు. ఎథిక్స్ కమిటీ చూసీచూడనట్టు వదిలేసినా నువ్వు వదలకు. ఆ ఫారం తెలుగు కూడా మార్చు, ఒకసారి స్వీపర్‌కి చదివి వినిపించి ఏం అర్థమైందో చెప్పమను. థీసిస్ కోసం చేసే టెస్టుల డబ్బులు పేషెంట్ దగ్గర తీసుకోకూడదు, ఆటో ఖర్చు నువ్వే ఇవ్వాల్సొస్తే ఇవ్వు, మీ నాన్నని అడుగు. పాజిటివ్ వచ్చిన ప్రతి ఒక్కరినీ నిక్షయ్‌లో (ప్రభుత్వ టీబీ పేషెంట్ల పోర్టల్) ఎక్కించు, అప్పుడే మందులూ, నెలకి వెయ్యి రూపాయలూ వస్తాయి, 2024 నవంబర్ నుంచి 500 కాస్తా వెయ్యి చేశారు.

సీటీఆర్ఐ (మన దేశంలో స్టడీలు నమోదు చేసే రిజిస్ట్రీ) రిజిస్ట్రేషన్ మొదటి పేషెంట్‌ని తీసుకోకముందే చేసెయ్, తర్వాత చేద్దాంలే అనుకుంటే ఇబ్బందిపడతావు.

పిల్లలా పెద్దవాళ్ళా అన్నది నువ్వే తేల్చుకో, నా ఓటు మాత్రం పిల్లలకి, మలం శాంపిల్‌కి. మార్చిన ప్రోటోకాల్ వర్డ్ ఫైల్‌లో పంపు, పీడీఎఫ్ అయితే నాకు దిద్దడం రాదు. ఈ ఆదివారం మీ పెదనాన్నకి కంటి ఆపరేషన్ చెకప్ ఉంది, సోమవారం నుంచి ఖాళీ.

పెద్దమ్మ