మొగులు చూసి మాట చెప్పే అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో నీ గొంతు వింటేనే సంగతి అర్థమైంది. "ఈ సాయంత్రం మనూళ్లో వాన ఖాయం" అని ఊరి వాట్సాప్ గ్రూపులో రెండుసార్లు పెట్టావు. రెండుసార్లూ పక్క ఊళ్లో కురిసింది, మీ ఊళ్లో చుక్క రాలలేదు. ఇప్పుడు నువ్వు గుడ్ మార్నింగ్ పెట్టినా "గొడుగు తెచ్చుకోవాలా?" అని అడుగుతున్నారట. అడగనీ. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో అడ్తి దుకాణం గుమాస్తాగా ఉన్నన్నాళ్లు నన్నూ హమాలీలు "మొగులు సేటు" అని పిలిచేవాళ్లు. అందులో గౌరవం పావలా, ఎగతాళి ముప్పావలా.

నీ తప్పు ఎక్కడుందో ముందు చెప్తా. వాతావరణాన్ని నువ్వు బాగానే చదివావు, తొందరపడి ఊరి పేరు చెప్పావు. ఎండాకాలం ఉరుముల వాన ఏ రోజు పడొచ్చో పొద్దున్నే చెప్పొచ్చు. ఏ ఊళ్లో పడుతుందో మాత్రం మధ్యాహ్నం మూడు దాటి, మొదటి మబ్బు తల ఎత్తాకగానీ తెలియదు. ఈ మధ్యలో ఉండే ఆరేడు గంటలు నోరు కట్టుకోవడమే కష్టం. వానాకాలం ముసురు సంగతి వేరు. అల్పపీడనం వచ్చిందంటే జిల్లాకు జిల్లా తడుస్తుంది, అప్పుడు ఎవరు చెప్పినా నిజమవుతుంది. ఎండాకాలం మబ్బు పది పదిహేను కిలోమీటర్ల మేర పరుచుకుంటుంది, గంట సేపు బతుకుతుంది, పోతుంది. హంటర్ రోడ్డు మీద మోకాళ్ల లోతు నీళ్లు పారుతుంటే కాజీపేటలో దుమ్ము లేచిన రోజులు నేను చూశాను.

పొద్దున చూడాల్సింది ఎండను కాదు, తేమను. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఎండ ఎలాగూ 40 దగ్గరికి పోతుంది, దాంట్లో వార్త ఏమీ లేదు. తేమ రావాల్సింది బంగాళాఖాతం నుంచి. గాలి ఆగ్నేయం నుంచి, దక్షిణం నుంచి వీస్తుంటే తేమ మోసుకొస్తుంది. వాయవ్యం నుంచి వీస్తే ఒట్టి వడగాలి. గాలిలో తేమ ఎంతుందో చెప్పే డ్యూ పాయింట్ అని ఒక అంకె ఫోన్‌లో ఉంటుంది, అది చూడు. 20 దాటితే సరుకు ఉన్నట్టు. 15 లోపల ఉంటే ఆ రోజు మబ్బు చూడకుండా నిద్రపోవచ్చు.

ఫోన్ లేని రోజుల్లో నాకు ఆ అంకె చెప్పింది రంజన్, అదే మంచినీళ్ల మట్టికుండ. దుకాణం అరుగు మీద వేపచెట్టు నీడలో ఉండేది. పొడి గాలి ఉన్న రోజుల్లో దాని ఒంటి మీది చెమ్మ గబగబా ఆవిరై, లోపలి నీళ్లు పళ్లు జివ్వుమనేంత చల్లగా అయ్యేవి. కొన్ని రోజులు మాత్రం ఎంత నీడలో పెట్టినా నీళ్లు సప్పగా, గోరువెచ్చగానే ఉండేవి. గాలిలో తేమ నిండుగా ఉంటే చెమ్మ ఆవిరి కాదు, చెమ్మ ఆవిరైతే తప్ప కుండ చల్లబడదు. "ఏంది, ఇయ్యాల నీళ్లు సల్లగలేవు" అని ఏ హమాలీ అన్నా నా చెవులు నిక్కబొడుచుకునేవి. ఇప్పుడు రంజన్ పనిని ఇంట్లో కూలర్ చేస్తోంది. కూలర్ తిరుగుతున్నా ఒళ్లు జిడ్డుగా ఉందంటే సాయంత్రానికి ఆకాశం మీద ఒక కన్ను వేసి ఉంచు.

తేమ ఒక్కటే చాలదు. చాలా రోజులు పైన కిలోమీటరు, రెండు కిలోమీటర్ల ఎత్తులో వేడి పొడి గాలి ఒక పొర పరుచుకుని ఉంటుంది. కింది గాలి ఎంత ఉడికినా ఆ మూత దాటి పైకి పోలేదు. మూత పల్చగా ఉంటే మధ్యాహ్నం పన్నెండుకే చిన్నచిన్న మబ్బులు లేచి, తలా నాలుగు చినుకులు రాల్చి పోతాయి. గట్టిగా ఉంటే రెండు దారులే. సాయంత్రం దాకా ఆకాశం నీలంగా ఉండి ఏమీ జరగదు, లేదా నాలుగింటికి ఒకచోట మూత పగిలి, పొద్దుటి నుంచి కూడిన బలమంతా ఆ ఒక్క మబ్బులోకి పోతుంది. గాలిదుమారం, రాళ్లవాన వచ్చేది ఎక్కువగా ఈ రెండో రకం రోజుల్లోనే. హైదరాబాద్ నుంచి పొద్దున 5:30 సమయానికి వదిలే బెలూన్ ఈ పొరల లెక్కంతా తెస్తుంది. ఆ లెక్కతో గీసిన గ్రాఫ్ చదవడం నీకు వారం రోజుల పని, నాకు రెండేళ్లు పట్టింది. మీ కాలేజీలో ఫిజిక్స్ సార్‌ను అడుగు, సిగ్గుపడకు.

వాతావరణ శాఖ బులెటిన్‌లో "విదర్భ నుంచి తెలంగాణ, కర్ణాటక మీదుగా తమిళనాడు వరకు ద్రోణి, సముద్ర మట్టానికి 0.9 కిలోమీటర్ల ఎత్తులో" అనే వాక్యం వస్తుంటుంది. చాలామంది దాన్ని దాటేసి హెచ్చరిక పసుపు రంగా, నారింజ రంగా అని మాత్రమే చూస్తారు. అసలు సమాచారం ఉండేది ఆ వాక్యంలోనే. సముద్రం గాలి, ఉత్తరపు పొడి గాలి ఎదురెదురయ్యే గీత అది. ఆ గీత మన నెత్తి మీద ఉందా, ఆదిలాబాద్ వైపు ఉందా, పడమరకు జరిగి కర్ణాటకకు పోయిందా అన్నది రోజూ మ్యాపు మీద పెన్సిల్‌తో గీసుకో. నెల తిరిగేసరికి గీతకూ వానకూ ఉన్న చుట్టరికం నీకే కనిపిస్తుంది.

ఇంకో గుర్తు. పొద్దున ఆరు, ఏడు గంటలకు ఆకాశంలో మధ్య ఎత్తున చిన్న మబ్బులు వరుసగా, పైన పళ్లు పళ్లుగా, ఖిలా వరంగల్ గోడ మీది బురుజుల్లా లేచి ఉంటాయి. తొమ్మిదికల్లా కరిగిపోతాయి. అవి కనిపిస్తే పై గాలి కూడా నిలకడగా లేదని అర్థం. నా పుస్తకంలో వాటికి ఎర్ర ఇంకుతో టిక్కు పెట్టేవాణ్ని.

ఇక మధ్యాహ్నం. నీ అసలు పని ఇక్కడే ఉంది. మూడింటికి మేడ ఎక్కు. ముందు వాయవ్యం, పడమర చూడు. పై గాలులు ఈ కాలంలో ఎక్కువగా పడమటి నుంచి వీస్తాయి కాబట్టి మనకు మబ్బు తరచుగా హుస్నాబాద్, సిద్దిపేట వైపు పుట్టి తూర్పుకు నడుస్తుంది. మీది పరకాల వైపు గనక హుజూరాబాద్ దిక్కు కూడా చూడు. తెల్లటి మబ్బు కాలీఫ్లవర్ పువ్వులా, అంచులు కత్తితో కోసినట్టు స్పష్టంగా ఉంటే అది పెరుగుతోంది. కొబ్బరిచెట్టు మట్టనో, సెల్ టవర్ కొననో గురుతు చేసుకుని పది నిమిషాలు కదలకుండా చూడు. తల గురుతు దాటిందా, అక్కడే ఆగిందా? ఆగిందంటే ఎండిపోతుంది. దాటి దాటి చివరికి అంచులు చెదిరి, దూదిని వేళ్లతో పీకినట్టు అయిందంటే పైన మంచు కట్టింది. ఆ తర్వాత తల పక్కలకు పరుచుకుని కమ్మరి దాగలిలా అవుతుంది. పది పన్నెండు కిలోమీటర్ల పైకి పోయిన మబ్బు అది. దాగలి మూతి ఎటు సాగితే పై గాలి అటే వీస్తున్నట్టు.

ఆ మబ్బు నీ మీదికి వస్తుందా? దాగలి సాగింది నీ వైపే కదా అని తొందరపడకు. మబ్బు అడుగు భాగం, నల్లటి భాగం, ఎటు జరుగుతోందో చూడు. అది కుడికో ఎడమకో జరగకుండా ఉన్నచోటే ఉండి పెద్దదవుతుంటే, నీ వైపే వస్తోంది.

తర్వాత చల్లగాలి. వాన కురిసే చోట చల్లబడిన గాలి కిందికి దూకి, నేల మీద అన్ని వైపులా పరుగెడుతుంది. మట్టి వాసన, దుమ్ము, ఎగిరే పాలిథిన్ కవర్లు, ఒక్కసారిగా ఎనిమిది పది డిగ్రీలు చల్లబడటం, అంతా దాని పనే. అందరూ "వాన వచ్చేసింది" అని సంబరపడేది ఇక్కడే. నువ్వు గడియారం చూడు. గాలి వెంటనే, ఐదు నిమిషాల్లో చినుకు వస్తే మబ్బు బలంగా ఉంది. పావుగంట దాటినా చినుకు లేదంటే చల్లగాలి మబ్బును వదిలి ముందుకు పోయింది. దానికి కావాల్సిన వేడి తేమ గాలి తెగిపోయింది, అది చస్తోంది. నీ రెండో జోస్యం తప్పింది ఇలాగే అనుకుంటా. కానీ ఆ చల్లగాలే ఇంకో పది కిలోమీటర్ల అవతల కొత్త మబ్బును లేపుతుంది. మీ పక్క ఊరికి వాన పోయిందంటే అందులో కుట్ర ఏమీ లేదు.

హైదరాబాద్ రాడార్ బొమ్మ చూసుకో, తప్పు లేదు. అయితే మనం దానికి 140 కిలోమీటర్ల దూరంలో ఉన్నాం. భూమి వంపు వల్ల దాని కిరణం మన దగ్గరికి వచ్చేసరికి రెండు కిలోమీటర్లకు పైనే పోతుంటుంది. కాబట్టి బొమ్మలో రంగు కనిపించి కింద చినుకు రాకపోవచ్చు, దారిలోనే ఆవిరైపోతుంది. రంగు 50 డీబీజెడ్ (రాడార్‌కు తిరిగొచ్చే ప్రతిధ్వని బలానికి కొలత) దాటితే మాత్రం రాళ్ల అనుమానం పెట్టుకో. కంప్యూటర్ మోడళ్లు గీసే రంగు మచ్చల్లో నీ ఊరు వెతకొద్దు. అవి రోజు చెప్తాయి, ఊరు చెప్పలేవు.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. ఒక ఏప్రిల్‌లో పొద్దున ఏడింటికి మొగులైంది. పదింటికల్లా మబ్బు విరిగి కళ్లు చెదిరే ఎండ కాసింది. "గండం గడిచింది, పరదాలు అక్కర్లేదు" అని యార్డులో గట్టిగానే చెప్పాను. మబ్బు విరిగింది గానీ తేమ ఎక్కడికీ పోలేదు. పైగా ఎండ నేరుగా నేలను కాల్చడం మొదలుపెట్టింది. మబ్బు అలాగే కమ్ముకుని ఉంటేనే మేలయ్యేది. ఐదింటికి వచ్చింది. ములుగు వైపు నుంచి ఒకాయన 18 బస్తాల చపాటా మిర్చి తెచ్చి, నా మాట విని విప్పి పోశాడు. వాన వెలిశాక కుప్ప దగ్గర కూర్చుని, ఒక కాయ తీసి వేళ్ల మధ్య నలిపాడు. తొడిమ ఊడి వచ్చింది. కాయను కుప్పలో పెట్టాడు, తొడిమను కింద వేశాడు. నన్ను ఒక్క మాట అనలేదు.

అప్పటి నుంచి "వాన పడదు" అన్న మాట నా నోట రాలేదు. పదికి ఎంత అని చెప్పడం నేర్చుకున్నా. పదికి రెండు, పదికి ఐదు, అలా. విన్నవాడు తన పనిని బట్టి తేల్చుకుంటాడు. ఐకేపీ వడ్ల కొనుగోలు కేంద్రంలో వడ్లు పోసుకున్న రైతుకు పదికి రెండైనా పరదా కప్పుకోమనే చెప్పాలి. కప్పడానికి అరగంట కష్టం, తడిస్తే ఆరు నెలల కష్టం. పెళ్లికి షామియానా వేసేవాడు పదికి నాలుగు దాకా ఆగొచ్చు. ఇద్దరికీ ఒకే మెసేజ్ పెడితే ఒకరు మునుగుతారు. నువ్వు "పదికి నాలుగు" అన్న రోజులన్నీ విడిగా రాసి పెట్టు. అలాంటివి ఇరవై అయ్యాక వాటిలో ఎనిమిది రోజులు పడిందా చూడు. పదిహేను రోజులు పడిందంటే వాన అని చెప్పడానికి నీకు భయం ఎక్కువ, మూడే పడిందంటే ఆశ ఎక్కువ.

రాళ్లవాన గురించి కొంచెం. మేలో కంటే మార్చి, ఏప్రిల్‌లోనే దాని భయం ఎక్కువ, ఎందుకంటే పైన చలి ఇంకా మిగిలి ఉంటుంది. 2023 మార్చి మూడో వారంలో వరంగల్, కరీంనగర్ వైపు మక్కలు, మిర్చి, మామిడి నేలపాలైంది నీకు గుర్తుండే ఉంటుంది, ఎకరాకు 10 వేల సాయం ప్రకటించింది అప్పుడే. రాయి పడితే వాన ఆగాక ఒకటి తీసి పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫోటో తియ్యి. "నిమ్మకాయంత" అని జనం చెప్పేది సగం సార్లు రేగుపండంతే ఉంటుంది. ఒకదాన్ని కత్తితో రెండుగా కోసి చూడు. ఉల్లిగడ్డలా పొరలు, ఒకటి తెల్లగా, ఒకటి అద్దంలా. మబ్బు లోపల అది పెరిగిన తీరు అక్కడే ఉంటుంది.

వాన కొలిచే గాజుకు డబ్బు పెట్టక్కర్లేదు. గోడలు నిటారుగా ఉన్న ఏ డబ్బా అయినా సరే. చెట్టుకూ గోడకూ వాటి ఎత్తుకు రెండింతల దూరంలో పెట్టి, పొద్దున 8:30కి స్కేలుతో చూడు. వాతావరణ శాఖ లెక్క కూడా ఆ వేళదే, కాబట్టి మండలం అంకెతో పోల్చుకోవచ్చు.

ఇప్పుడు చెప్పేది మాత్రం మామ మాటగా కాదు, ఆజ్ఞగా తీసుకో. మెరుపు చూశాక ఉరుము వినేదాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లు వస్తాయి. 30 సెకన్ల లోపు వినిపించిందంటే మేడ దిగు. వీడియో సగంలో ఉన్నా దిగు. పిడుగు వాన లేని చోట కూడా, మబ్బుకు పది కిలోమీటర్ల అవతల కూడా పడుతుంది. చివరి ఉరుము తర్వాత అరగంట బయటికి రావద్దు. మడికొండ మెట్టుగుట్ట మీది నుంచి మబ్బు బ్రహ్మాండంగా కనిపిస్తుంది, తెలుసు. దూరంగా ఉన్నప్పుడు చూడు, ఉరుము వినిపించే లోపే కింద ఉండు. పిడుగుల హెచ్చరిక ఇచ్చే దామిని యాప్ ఫోన్‌లో పెట్టుకో, మీ నాన్న ఫోన్‌లో కూడా పెట్టు. మీ గ్రూపులో గొర్రెలు కాసేవాళ్లు ఉంటారు కదా. వాన చెప్పినా చెప్పకపోయినా ఉరుములు చెప్పు, చింతచెట్టు కింద నిలబడొద్దని ప్రతిసారీ చెప్పు. విసుక్కుంటారు. అయినా చెప్పు.

ఈ ఉత్తరం రాస్తూ రాస్తూ మూడున్నర అయింది. ఇక్కడ కూలర్ పొద్దుటి నుంచి జిడ్డు గాలే కొడుతోంది. పొద్దున బురుజు మబ్బులు కనిపించలేదు. ఎల్కతుర్తి దిక్కున ఒకటి లేచింది, మా ఎదురింటి సెల్ టవర్ సగం దాకా వచ్చి ఇంకా పెరుగుతోంది, అంచులు గట్టిగానే ఉన్నాయి. హనుమకొండకు పదికి నాలుగు అంటున్నా. మీ ఊరికి ఎంతో నువ్వు కాగితం మీద రాసి జేబులో పెట్టుకో, గ్రూపులో పెట్టకు. ఈ ఉత్తరం చేరేసరికి ఈ మబ్బు సంగతి తేలిపోయి ఉంటుంది కాబట్టి ఇప్పుడే నీకు మిస్డ్ కాల్ ఇస్తున్నా. ఏడింటికి ఇద్దరం కాగితాలు విప్పుదాం.

ఉంటా మరి, మీ అత్త బట్టలు తీయమని పిలుస్తోంది. ఆమెది పదికి తొమ్మిది.

మీ మామ
హనుమకొండ