5 నెలల పాపకు బ్రష్ కొనాలా, దువ్వెన కొనాలా?

మీ పాపకు 5 నెలలన్నారు, జుట్టు ఒత్తుగా ఉందన్నారు. ఇప్పటికి మెత్తటి బ్రష్ ఒక్కటి చాలండీ. దువ్వెన తర్వాత కొనుక్కోవచ్చు. ఈ వయసులో మనం దువ్వేది జుట్టును అనుకుంటాం గానీ, తగిలేదంతా మాడుకే. ఇది నేను మా పెద్దమ్మాయి దగ్గర తప్పు చేసి తెలుసుకున్నాను.

బారసాలకు ఎవరో ఇచ్చిన సెట్‌లో ఒక నైలాన్ బ్రష్, సన్న పళ్ళ దువ్వెన ఉన్నాయి. మూడో నెలలో పాప తల మీద పసుపుపచ్చగా పొలుసులు కట్టాయి. చూస్తూ ఊరుకోలేక ఆ దువ్వెనతో గీకేశాను. తల కందిపోయి, ఒకచోట రక్తం చిమ్మింది. ఆ రాత్రంతా ఏడుస్తూనే ఉన్నాను. మర్నాడు పిల్లల డాక్టరమ్మ చూసి, దీన్ని క్రేడిల్ క్యాప్ అంటారు, చాలామంది పసిపిల్లలకు వస్తుంది, దానంతటదే తగ్గుతుంది అన్నారు. స్నానానికి ముందు కొంచెం నూనె రాసి నాననిచ్చి, మెత్తటి బ్రష్‌తో తేలిగ్గా రుద్ది, ఆ నూనె మిగలకుండా బేబీ షాంపూతో కడగమన్నారు. అలా చేస్తే కొన్ని వారాల్లో పోయాయి.

అందుకే రెండోదానికి మేక వెంట్రుకల బ్రష్ తీసుకున్నాను. పంది వెంట్రుకలవీ అమ్ముతారు, అవి బిరుసు, పసిపిల్లలకు వద్దు. కొనేముందు మీ చెంప మీద రాసుకుని చూడండి, కాస్త గుచ్చుకున్నా పక్కన పెట్టేయండి. కుచ్చును వేళ్ళతో లాగి కూడా చూడండి. ఊడితే అది పాప నోట్లోకే వెళ్తుంది. నడినెత్తిన మెత్తగా ఉండే చోటు చాలామందికి ఏడాది, ఏడాదిన్నరకు గానీ పూడదు. అక్కడ బ్రష్ తగిలితే భయం లేదు, నొక్కకుండా ఉంటే చాలు. తల వెనక జుట్టు పలచబడినా టెన్షన్ పడకండి, పడుకుని తల అటూ ఇటూ రాసుకోవడం వల్ల అలా అవుతుంది.

మా పిల్లలిద్దరికీ తిరుమల కళ్యాణకట్టలోనే పుట్టువెంట్రుకలు తీయించాం. గుండు మీద గాట్లు మానేదాకా బ్రష్ ముట్టుకోలేదు. మళ్ళీ జుట్టు పెరిగాక చిన్నదానికి రింగులు తిరిగింది, అప్పుడే పెద్ద పళ్ళ దువ్వెన అవసరమైంది. చిక్కు తీసేటప్పుడు కుదుళ్ళ దగ్గర ఒక చేత్తో పట్టుకుని, చివర్ల నుంచి కొంచెం కొంచెంగా పైకి వస్తాను. అలా పట్టుకుంటే లాగినట్టు ఉండదు, పిల్ల ఏడవదు. బడికి వెళ్ళే వయసొచ్చాక ఎవరి దువ్వెన వాళ్ళకే ఉంచాను, పేలు ఒకరి నుంచి ఒకరికి పాకకుండా.

మీ పాపకూ పొలుసులుండి, అవి ఎర్రబడినా, తడి కారుతున్నా, నూనె, బ్రష్ ఆపేసి డాక్టరుకు చూపించండి.