చింతతోపు కొట్టేస్తే జబ్బు రాదా?

ప్రశ్న: మాది జడ్చర్ల దగ్గర. చింతతోపు పక్కన వెంచర్ పడితే ప్లాట్ కొని ఇల్లు కట్టుకున్నాం. తోపు నిండా గబ్బిలాలే. వాటి నుంచి నిపా అనే వైరస్ జబ్బు వస్తుందని, చెట్లు కొట్టించాలని కాలనీవాళ్లు అంటున్నారు. చిన్నపిల్లలున్న ఇల్లు, టెన్షన్‌గా ఉంది. ఏ జంతువు నుంచి ఏ జబ్బు వస్తుందో ముందే చెప్పలేరా, డాక్టర్ గారూ?

జవాబు: అమ్మా, చెట్లు మాత్రం కొట్టనివ్వకండి.

నిపాకు దగ్గరి చుట్టం హెండ్రా అనే వైరస్. 1994లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ శివారులో బయటపడింది. గబ్బిలాల నుంచి గుర్రాలకు, వాటి నుంచి మనుషులకు సోకింది. పాతికేళ్ల లెక్కలు తీసి చూస్తే అక్కడివాళ్లకు ఒక సంగతి తెలిసింది. అడవి తగ్గి, చలికాలంలో పూత దొరకనప్పుడు గబ్బిలాలు చిన్న గుంపులుగా చీలి ఊళ్లలోకి వచ్చాయి. జబ్బు గుర్రాలకు ఎక్కువగా అంటుకున్నది అలాంటి ఏళ్లలోనే. అడవి బాగా పూసిన చలికాలం గుర్రాలు క్షేమంగా ఉన్నాయి. మీ తోపు కొట్టేస్తే ఆ గబ్బిలాలు ఎటూ పోవు, మీ పెరట్లో జామచెట్టు మీదికే వస్తాయి.

ఇక ముందే చెప్పడం గురించి. ఫలానా రోజు వస్తుందని ఎవరూ చెప్పలేరు. ఎక్కడ రావచ్చో చెప్పగలం. మనుషులూ జంతువులూ కొత్తగా ఒకచోట కలిసే జాగా అది, అంటే మీ వెంచర్ లాంటిదే. పైగా చాలాసార్లు జంతువులే ముందు చెబుతాయి. 1999లో న్యూయార్క్‌లో దోమల ద్వారా వచ్చే వెస్ట్‌నైల్ జ్వరమని తేలకముందే కాకులు రాలిపడ్డాయి.

ఇది నాకు చేతిమీద జరిగితేగానీ అర్థం కాలేదు. దేవరకొండ వైపు పశువుల డాక్టర్‌గా పనిచేసే కొత్తలో ఒక రైతు బర్రెను చూపించాడు. చొంగ కారుస్తోంది, నీళ్లు మింగలేకపోతోంది, అరుపు బొంగురుపోయింది. గొంతులో ఏదో ఇరుక్కుందనుకొని మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికాను. ఏమీ తగల్లేదు. మూడోనాడు బర్రె చచ్చిపోయింది. రేబిస్. రైతు, ఆయన భార్య, నేను ముగ్గురం బొడ్డు చుట్టూ సూదులు వేయించుకున్నాం. నెల కిందట ఒక కుక్క పశువుల మీద పడి కరిచిందని పక్కింటి అవ్వ అప్పుడు చెప్పింది. ఆ మాట ముందే దవాఖానకు చేరి ఉంటే నేను ఆ నోట్లో చెయ్యి పెట్టేవాణ్ని కాదు.

అందుకే గబ్బిలాల కన్నా మీ కాలనీ మూలన చికెన్ వ్యర్థాల కుప్ప దగ్గర చేరే కుక్కల గురించే నాకు ఎక్కువ దిగులు. నూటికి డెబ్బై కుక్కలకు టీకా పడితే రేబిస్ ఆగిపోతుంది. చెట్లు కొట్టించడానికి పెట్టే ఖర్చు దానికి పెట్టించండి. పిల్లల్ని కుక్క కరిస్తే, గీరినా సరే, సబ్బు పెట్టి పావుగంట కడిగి వెంటనే దవాఖానకు తీసుకెళ్లండి.

గబ్బిలం కొరికిన పండు పిల్లల్ని ముట్టనివ్వకండి. బంగ్లాదేశ్‌లో నిపా ఎక్కువగా పచ్చి ఖర్జూర నీరాతోనే సోకింది, రాత్రిళ్లు గబ్బిలాలు నీరా కోసం చెట్టుకు పెట్టిన గీత దగ్గర నాకి పోతాయి. కొన్నిచోట్ల గీత మీద వెదురు తడిక కట్టి ఆపుతున్నారు. మీ దగ్గర ఈత కల్లు గీసే గౌడన్నకు ఈ సంగతి చెప్పండి.

తోపు కింద గబ్బిలాలు గానీ కాకులు గానీ నాలుగైదు ఒకేసారి చచ్చి పడి ఉంటే ముట్టుకోకుండా పశువుల దవాఖానకు ఫోన్ చేయండి. ఆ నంబర్ ఈరోజే గోడ క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి.