డివిడెండు కోసం ఓడ కంపెనీ షేర్లు కొనాలనుకుంటున్న మా అబ్బాయికి

కోవూరు,
నెల్లూరు జిల్లా.

చిరంజీవి నాయనకు పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మీ పెద్దమ్మకు మోకాలి నొప్పి కొంత తగ్గింది.

పోయిన ఆదివారం నువ్వు ఒంగోలు నుంచి ఫోన్ చేసి అడిగిన మాటకు అప్పటికప్పుడు జవాబు చెప్పడం ఇష్టం లేక, నాలుగు రోజులు ఆలోచించి ఈ ఉత్తరం రాస్తున్నాను. మాంద్యం వచ్చి విహార ఓడలు నడిపే క్రూజ్ కంపెనీల షేర్లు పడిపోయినప్పుడు నూరు షేర్లు కొని ఉంచుకుంటే ఏటా డివిడెండు, అంటే కంపెనీ లాభంలోంచి వాటాదారుకు పంచే సొమ్ము, వస్తుందనీ, మీ అమ్మానాయనలను సింగపూరులో ఓడ ఎక్కించే నాటికి వాటాదారుకు ఇచ్చే రాయితీ కూడా కలిసి వస్తుందనీ నీ ఆలోచన. పడిన ధరకు కొనాలనుకోవడంలో తప్పు లేదు. రాయితీ ఉన్న మాటా నిజమే. కానీ మాంద్యంలో డివిడెండు కోసం క్రూజ్ షేరు కొనడం మాత్రం కుదిరే పని కాదు, ఎందుకంటే ఆ వ్యాపారానికి కష్టం వచ్చిన రోజున మొట్టమొదట ఆగిపోయేది డివిడెండే.

జరిగినది చూడు. 2008 అక్టోబరులో అమెరికా బ్యాంకుల సంక్షోభం ముదిరినప్పుడు కార్నివాల్ కంపెనీ డివిడెండు ఆపుతున్నట్లు ప్రకటించి, 2010లో గాని మళ్లీ మొదలుపెట్టలేదు. రాయల్ కరీబియన్ కూడా ఆ సంక్షోభంలోనే ఆపి, 2011లో తిరిగి ఇవ్వసాగింది. 2020లో కరోనా వచ్చేనాటికి కార్నివాల్ మూడు నెలలకు ఒకసారి షేరుకు 50 సెంట్లు, రాయల్ కరీబియన్ 78 సెంట్లు ఇస్తున్నాయి. రెండూ మళ్లీ ఆపేశాయి. రాయల్ కరీబియన్ 2024లో 40 సెంట్లతో తిరిగి ప్రారంభించింది. అంటే నాలుగేళ్లకు పైగా ఆ వాటాదారు చేతికి ఒక్క సెంటు రాలేదు, కార్నివాల్ వాటాదారు అంతకంటే ఎక్కువ కాలం ఎదురు చూశాడు. ఇక 2013లో మార్కెట్లోకి వచ్చిన నార్వేజియన్ అనే మరో క్రూజ్ కంపెనీకి డివిడెండు ఇచ్చే అలవాటే లేదు.

నిన్ను ఆకర్షించింది బహుశా శాతాల లెక్క అయి ఉంటుంది. 2020 ఏప్రిల్‌లో కార్నివాల్ షేరు 8 డాలర్ల దగ్గర ఉండగా, ఏడాదికి 2 డాలర్ల పాత డివిడెండును ఆ ధరతో భాగిస్తే 25 శాతం రాబడి ఉన్నట్లు కనబడుతుంది. భాగహారం సరిగానే ఉంది, కానీ ఆ 2 డాలర్లు అప్పటికే లేకుండా పోయాయి. షేరు ధర కూలిన వారంలో ఇంత పెద్ద శాతం కంటబడితే, అది నిన్నటి డివిడెండును ఇవాళ్టి ధరతో భాగించిన లెక్కని గుర్తుపట్టు.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే నీకు ధైర్యమూ వస్తుంది, జాగ్రత్తా వస్తుంది. పెద్ద క్రూజ్ ఓడ ఒక్కటి కట్టించడానికి 100 కోట్ల డాలర్లకు పైనే అవుతుంది. ఇటలీ, ఫ్రాన్సు, జర్మనీ, ఫిన్లాండు దేశాల ఓడల కర్మాగారాలకు ఏళ్ల ముందే ఆర్డరు ఇచ్చి, ఎక్కువగా అప్పు మీదే కట్టిస్తారు. ఓడ నిండినా నిండకపోయినా అప్పు మీద వడ్డీ, బీమా, మరమ్మతులు, సిబ్బంది జీతాలు ఆగవు. ప్రయాణికులు నెలల ముందే డబ్బు కడతారు కాబట్టి మంచి కాలంలో కంపెనీకి అది వడ్డీ లేని పెట్టుబడి. ప్రయాణాలు రద్దయితే అదే డబ్బును ఒక్కసారిగా వెనక్కి ఇవ్వవలసి వస్తుంది. 2020 ఫిబ్రవరిలో కరోనా సోకిన డైమండ్ ప్రిన్సెస్ అనే క్రూజ్ ఓడ జపాన్‌లోని యొకొహామా రేవులో నిలిచిపోయింది, మార్చి 14న అమెరికా ఆరోగ్య శాఖ ఓడలు కదలరాదని ఉత్తర్వు ఇచ్చింది, ఆ దేశపు రేవుల నుంచి మళ్లీ ప్రయాణాలు మొదలు కావడానికి 2021 మధ్యకాలం పట్టింది. బతకడం కోసం కార్నివాల్ ఓడలను తాకట్టు పెట్టి 11.5 శాతం వడ్డీకి అప్పు తెచ్చింది, 8 డాలర్లకే కొత్త షేర్లు అమ్మింది, కొన్ని పాత ఓడలను టర్కీలోని అలియాగా తీరానికి పంపి విరగ్గొట్టించింది.

ఇది నాకు మన జిల్లాలో తెలిసిన కథే. 1990ల మొదట్లో టైగర్ రొయ్య బంగారంలా పలికిన రోజుల్లో తీరం పొడవునా గుంటలు తవ్వారు, రొయ్యల కంపెనీలు జనానికి షేర్లు అమ్మే పబ్లిక్ ఇష్యూలకు వచ్చాయి. అలాంటి ఒక కంపెనీ షేర్లు నేనూ కొన్నాను. మొదటి సంవత్సరం డివిడెండు వచ్చింది, అది చూసుకుని మరికొన్ని కొన్నాను. తరువాత తెల్లమచ్చ వైరస్ గుంటలను తుడిచిపెట్టింది. 1996 డిసెంబరులో తీరప్రాంత రొయ్యల సాగుకు అడ్డుకట్ట వేస్తూ సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఆ కంపెనీ ఇక లేవలేదు. రొయ్యకు జబ్బు వస్తుందని నేను ముందే ఊహించలేకపోవడం తప్పు కాదు. ఆ కంపెనీ ఎంత అప్పులో ఉందో, ఆ అప్పు ఎప్పుడు తీర్చవలసి ఉందో చూడకుండా డివిడెండు చూసి కొనడమే తప్పు. బ్యాంకులో అప్పు దరఖాస్తులు పరిశీలించే ఉద్యోగంలో ఉండి నేను ఆ పని చేశాను. అందుకే నీకు ఇంత పట్టుదలగా చెబుతున్నాను.

కాబట్టి మాంద్యంలో క్రూజ్ షేరు కొంటే, ఈ కంపెనీ నిలబడుతుందన్న నమ్మకం మీద, ధర తిరిగి పెరుగుతుందన్న ఆశ మీద కొను. డివిడెండు తరువాత ఎప్పుడో వస్తే రానీ. నిలబడుతుందో లేదో తెలుసుకోవడానికి వార్షిక నివేదికలో అప్పుల గడువుల పట్టిక ఉంటుంది. రాబోయే రెండేళ్లలో తీర్చవలసిన అప్పు ఎంత, చేతిలో నగదు ఎంత, ప్రయాణికుల ముందస్తు సొమ్ము ఎంత, ఆర్డరులో ఉన్న ఓడలకు కట్టవలసింది ఎంత అన్న నాలుగు అంకెలను ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకో. తరువాత షేర్ల సంఖ్య చూడు. కార్నివాల్ షేర్లు 2019లో దాదాపు 69 కోట్లు ఉండగా, కొన్నేళ్లకే 120 కోట్లు దాటాయి. వ్యాపారం పాత స్థాయికి చేరినా ఒక్కో షేరుకు పాత లాభం రాదని దీని అర్థం.

షేరు ధర ఒక్కసారే అడుక్కు పడుతుందనీ అనుకోకు. 2020 ఏప్రిల్‌లో 8 డాలర్లకు దొరికిన కార్నివాల్ షేరు 2021 వేసవిలో 30 డాలర్ల దాకా వెళ్లి, 2022 అక్టోబరు నాటికి 7 డాలర్ల కిందికి దిగింది. 2021లో కష్టకాలం గడిచిందని నమ్మి కొన్నవాడు మనోవేదన పడ్డాడు. అదే కాలంలో రాయల్ కరీబియన్ షేరు 20 డాలర్ల పరిసరాల నుంచి లేచి 2024లో 200 దాటింది. ఒకే వ్యాపారం, ఒకే తుఫాను, కానీ రెండు కంపెనీల షేర్లు నడిచిన దారులు వేరు.

ఇక రాయితీ సంగతి. ఈ కంపెనీలు కనీసం 100 షేర్లు ఉన్న వాటాదారుకు ఓడలో ఖర్చు పెట్టుకోవడానికి గదికి ఇంత అని ఖాతాలో జమ చేస్తాయి. కార్నివాల్‌లో 6 రోజుల లోపు ప్రయాణానికి 50 డాలర్లు, 7 నుంచి 13 రోజులకు 100, 14 రోజులు, అంతకు మించితే 250. దానిని నగదుగా మార్చుకోలేము, జూదశాలలోనూ సిబ్బందికిచ్చే టిప్పులకూ వాడుకోలేము. ప్రయాణానికి ముందుగానే, నీ పేరున షేర్లు ఉన్నట్లు చూపే రుజువుతో దరఖాస్తు చేయాలి. నీకు ముఖ్యమైన విషయం మరొకటి ఉంది: ఈ రాయితీ బదిలీ కాదు. షేర్లు నీ పేరున ఉండి మీ అమ్మానాయనలను మాత్రమే పంపితే అది వర్తించదు, నువ్వు కూడా ఓడ ఎక్కాలి. సింగపూరు నుంచి రాయల్ కరీబియన్ నడిపే నాలుగు రాత్రుల ప్రయాణానికి వచ్చేది 50 డాలర్లు. షేరు 200 డాలర్లు ఉన్నప్పుడు 100 షేర్లకు 20,000 డాలర్లు కావాలి. డాలరు 85 రూపాయలు అనుకుంటే, 17 లక్షలు పెట్టినవాడికి ఒక ప్రయాణంలో 4,250 రూపాయలు. ఎలాగూ షేర్లు ఉండి ఎలాగూ ఓడ ఎక్కేవాడికి ఇది సంతోషమే. దీని కోసం షేర్లు కొనడం నాకు సమ్మతం కాదు.

కాగితాల పని క్లుప్తంగా చెబుతాను. రిజర్వు బ్యాంకు ఉదార చెల్లింపుల పథకం కింద ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా విదేశాలకు పంపవచ్చు. అరువు మీద షేర్లు కొనే మార్జిన్ వ్యవహారానికి మాత్రం ఆ డబ్బు పంపకూడదు. ఏడాదిలో 10 లక్షలు దాటి పంపిన మొత్తం మీద బ్యాంకు ముందుగా పన్ను పట్టుకుంటుంది, దానిని రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. వచ్చే డివిడెండు నీ ఆదాయంలో కలిసి నీ శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది. నువ్వు ఇప్పటివరకు వేస్తున్న ఆదాయపు పన్ను రిటర్ను ఫారం ఐటీఆర్-1 ఇక చాలదు. ఐటీఆర్-2లో విదేశీ ఆస్తుల షెడ్యూలు నింపాలి, ఒక్క షేరు ఉన్నా నింపాలి. ఇందులో నిర్లక్ష్యం చేయవద్దు.

నా మాట వింటే, అయిదేళ్లు ముట్టుకోకుండా ఉంచగలిగిన డబ్బు మాత్రమే ఇందులో పెట్టు. పాప చదువు కోసం వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్ కదిలించకు. ఉన్న సొమ్మును నాలుగు భాగాలు చేసి ఏడాదిన్నర వ్యవధిలో కొను, ధర రెండోసారి అడుక్కు పడినప్పుడు చేతిలో ఏదో ఒక భాగం మిగిలి ఉంటుంది. మీ అమ్మానాయనల ప్రయాణాన్ని మాత్రం షేరు ధరతో ముడిపెట్టకు. మీ నాయనకు ఈ ఏడాది డెబ్బై నిండుతున్నాయి, టికెట్ల డబ్బు వేరుగా తీసి ఈ చలికాలంలోనే తీసుకువెళ్లు.

మొదటి భాగం కొనే ముందు నువ్వు ఎంచుకున్న కంపెనీ వార్షిక నివేదికలోని అప్పుల గడువుల పుట అచ్చు తీసి కోవూరుకు తీసుకురా. నువ్వు రాసుకున్న నాలుగు అంకెలను దాని పక్కన పెట్టి ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న