అమ్మ పోయిన బాధ చెబితే బరువు తగ్గమన్నారు

ప్రశ్న: నాకు 34 ఏళ్లు, బరువు 94 కిలోలు. ఆర్నెల్ల క్రితం అమ్మ పోయింది. అప్పట్నుంచి సరిగా నిద్ర లేదు, ఏ పనీ చేయబుద్ధి కావడం లేదు. కౌన్సెలింగ్‌కు వెళ్తే మొదటి రోజే "ముందు పదిహేను కిలోలు తగ్గండి, మనసు అదే తేలికపడుతుంది" అన్నారు. మళ్లీ వెళ్లాలనిపించడం లేదు. తప్పు నాదేనా?
– ఒక సోదరి, విజయవాడ

జవాబు: మీది కాదమ్మా. మీరు అమ్మ గురించి చెప్పుకుందామని వెళ్తే ఆయన మీ ఒళ్లు చూసి మాట్లాడారు. పెళ్లిళ్లలో ఎవరో పిన్నిగారు ఆ మాటంటే నవ్వేసి ఊరుకుంటాం. మనసు విప్పడానికి ఫీజు కట్టి వెళ్లిన చోటా అదే వినాల్సి వస్తే ఇంకెక్కడ చెప్పుకుంటాం?

ఈ తప్పు నేనూ చేశాను. గుంటూరులో ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒకామెకు మానసిక జబ్బులకు వాడే ఒలాంజపైన్ అనే మందు రాశాను. ఆ మందుతో చాలామంది బరువు పెరుగుతారు. మూడు నెలలకు ఆమె వస్తే "కాస్త నోరు కట్టుకోవాలమ్మా" అన్నాను. మందు రాసింది నేను, పథ్యం ఆమెకు! ఆమె మళ్లీ రాలేదు.

అసలు బరువు మాటే ఎత్తకూడదని కాదు. థైరాయిడ్ హార్మోన్ తగ్గితే బరువూ పెరగొచ్చు, దిగులూ రావచ్చు. గురక మధ్యలో ఊపిరి ఆగుతుంటే ఎంత పడుకున్నా నిద్ర చాలదు. ఒకసారి థైరాయిడ్ సంగతి తెలిపే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించుకోండి, గురక సంగతి ఇంట్లోవాళ్లను అడగండి. కానీ ఇవి మీ బాధంతా విన్నాక, మీరు సరేనంటేనే మాట్లాడాల్సినవి.

ఇంతకీ మీరు వేళకు తింటున్నారా? లావుగా ఉన్నవాళ్లను ఈ ప్రశ్న దాదాపు ఎవరూ అడగరు. దిగులుతో పస్తులుండి చిక్కిపోయినా "బాగా తగ్గారే!" అని మెచ్చుకుంటాం. సన్నటి మనిషైతే అదే చూసి కంగారుపడతాం. సిగ్గుపడేలా మాట్లాడితే తగ్గుతారనుకోవడమూ భ్రమే. అవమానపడ్డవాళ్లు చాలామంది ఇంకా ఎక్కువ తింటారు, ఆస్పత్రికి రావడం మానేస్తారు. 2020లో పలు దేశాల నిపుణులు 'నేచర్ మెడిసిన్' పత్రికలో ఇచ్చిన ఉమ్మడి ప్రకటన కూడా ఈ చిన్నచూపు శరీరానికీ మనసుకూ హాని చేస్తుందనే చెప్పింది.

ఓపిక ఉంటే ఆ కౌన్సెలర్‌తోనే అనండి: "ముందు మా అమ్మ గురించి మాట్లాడాలి. బరువు సంగతి నేను అడిగినప్పుడు చూద్దాం." మంచి కౌన్సెలరైతే సర్దుకుంటారు. నొచ్చుకుంటే వేరేవాళ్లను చూసుకోండి, అందులో మొహమాటం అక్కర్లేదు. ఆర్నెల్లుగా నిద్ర లేదంటున్నారు కాబట్టి ఒకసారి సైకియాట్రిస్టుకూ చూపించుకోండి. ఈలోగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఆ క్షణమే ఇంట్లో చెప్పి ఆస్పత్రికి వెళ్లండి.