టెక్ సందేహాలు: షీట్లు అతికించినా పాత కారులో హోరు ఎందుకు తగ్గలేదు?

ప్రశ్న: మా నాన్నగారి ప్రీమియర్ పద్మినిని బాగు చేయిస్తున్నాను. ఫ్లోరంతా, తలుపుల లోపల డ్యాంపింగ్ షీట్లు అతికించాం. కొత్త రేడియల్ టైర్లు వేశాం. అయినా రోడ్డు హోరు అలాగే ఉంది. ఫోనులోని యాప్ మాత్రం పెద్ద చప్పుడేమీ లేదంటోంది. లోపం ఎక్కడ? (ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: రోగం ఒకటైతే మందు ఇంకొకటి వేశారు. షీటు రేకు మోతను తగ్గిస్తుంది. రేకును అదిరేలా చేస్తున్నది మాత్రం కింద, సస్పెన్షన్ (చక్రాలను కారుకు కలిపే స్ప్రింగుల అమరిక) బోల్టుల దగ్గర ఉంది.

ఛాసిస్ (బరువు మోసే కింది చట్రం) వేరుగా, బాడీ వేరుగా ఉన్న రోజుల్లో రెంటికీ నడుమ రబ్బరు దిమ్మలు ఉండేవి. చక్రాల అదురు కొంత అక్కడే ఆగిపోయేది. 1922లో ఇటలీ లాన్సియా లాంబ్డా, 1934లో ఫ్రాన్స్ సిట్రోయెన్ ట్రాక్సియోన్ అవాన్, 1941లో అమెరికా నాష్ 600 ఛాసిస్‌ను వదిలేసి బాడీనే బరువు మోసేలా చేశాయి. కారు తేలికైంది, ఎత్తూ తగ్గింది. కానీ సస్పెన్షన్ నేరుగా బాడీకే తగులుకోవడంతో ఫ్లోరు, టాపు డప్పు చర్మంలా మోగసాగాయి. మీ పద్మినికి మూలమైన 1953 నాటి ఫియట్ 1100 కూడా ఈ కోవలోదే.

నాకు బాగా నచ్చిన పరిష్కారం అదే ఏడాది వచ్చిన మెర్సిడెస్ 180లో ఉంది. ముందు చక్రాల సస్పెన్షన్‌ను ఒక చిన్న ఫ్రేముకు బిగించి, ఆ ఫ్రేమును మూడే మూడు చోట్ల రబ్బరు మీదుగా బాడీకి తగిలించారు. తీసేసిన ఛాసిస్‌లో ఒక ముక్కను వెనక్కి తెచ్చుకున్నారన్నమాట! 1955లో జాగ్వార్ తన తొలి యూనిబాడీ (విడి ఛాసిస్ లేని) సెలూన్ 2.4లోనూ ముందు సస్పెన్షన్‌ను రబ్బరు మీద నిలిచే విడి ఫ్రేముపైనే పెట్టింది. షీట్లు, తివాచీల పని ఆ తర్వాతిది.

మీ కారుకు కొత్త ఫ్రేము పెట్టమని చెప్పను. వెనక కమాను పట్టీల (లీఫ్ స్ప్రింగుల) చివర్లలోని రబ్బరు బుష్‌లు, అంటే బోల్టు చుట్టూ ఉండే రబ్బరు తొడుగులు చూడండి. గోటితో నొక్కితే దిగకుండా రాయిలా ఉన్నా, పగుళ్లు కనిపించినా మార్చేయండి. ముందు సస్పెన్షన్‌లోనూ ఇదే పరీక్ష. ఎక్కువ కాలం మన్నుతాయని మెకానిక్ పాలీయురెథేన్ బుష్‌లు అంటగట్టబోతే వద్దనండి. అవి గట్టివి, అదురును లోపలికి ఇంకా బాగా పంపుతాయి.

రేడియల్ టైర్ల విషయంలోనూ ఒక మెలిక ఉంది. వాటి ట్రెడ్ కింది బెల్టు బిరుసుగా ఉంటుంది. చిన్న గతుకు తగిలినప్పుడు చక్రం ఒక పిసరు వెనక్కి జరిగే వీలుంటేనే ఆ దెబ్బ మెత్తబడుతుంది. రేడియల్స్‌కు ముందున్న క్రాస్‌ప్లై టైర్ల కాలపు సస్పెన్షన్లలో ఆ వీలు తక్కువ. అలాగని రేడియల్స్ తీసేయకండి, గాలి మాత్రం అతిగా కొట్టించకండి.

ఇక యాప్. చాలా యాప్‌లు ఎ-వెయిటింగ్ అనే కొలతను వాడతాయి. అది 80 హెర్ట్జ్ దగ్గరి బొంగురు శబ్దాన్ని 22 డెసిబెల్స్‌కు పైగా తగ్గించి చూపిస్తుంది. రెండు మీటర్ల పొడవుండే క్యాబిన్‌లో గాలి గుయ్యిమనేది సరిగ్గా ఆ పరిసరాల్లోనే. అంటే మిమ్మల్ని విసిగిస్తున్న శబ్దాన్నే యాప్ లెక్కలోంచి దాదాపు తీసేస్తోంది. స్పెక్ట్రమ్, అంటే ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత శబ్దముందో గీతగా చూపించే యాప్ పెట్టుకుని, ఒకే వేగంతో నున్నటి తారు రోడ్డు మీద ఒకసారి, గరుకు రోడ్డు మీద ఒకసారి కొలవండి. ఫోను పక్క సీట్లో కూర్చున్నవారి చేతిలో ఉండాలి. రోడ్డు మారగానే గీత లేచిందంటే అది చక్రాల పనే. లేవకపోతే గాలినో, గేరుబాక్సునో అనుమానించాలి.

ప్రశ్న: డ్రైవింగ్‌లో నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే సరిపోదా? (ఇంకో పాఠకుడు)

జవాబు: వద్దు. వెనక లారీ హారన్ వినపడాలి కదా!