చిట్టీ, సీజన్‌కి దిగేముందు ఇది చదువు

చిట్టీ,

మీ అమ్మ ఫోన్ చేసి గంటసేపు వాయించింది. "నీ మేనకోడలు కారు రేసుల్లో దిగుతుందట, నువ్వే ఎక్కించి ఉంటావు" అని. నేను ఎక్కించలేదని ఒట్టేసి చెప్పాను. ఫోన్ పెట్టేసి మాత్రం మా వీధిలో కనబడిన ప్రతివాడికీ చెప్పాను. ఈ సంగతి అమ్మ చెవిన వేయకు.

2023లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ, అదే ఆ కరెంటు కార్ల రేసు, చూసొచ్చిన రోజే నీ వాలకం పసిగట్టాను. కానీ అది వేరు, ఇది వేరు. నువ్వు ఇప్పుడు వెళ్లేది శ్రీపెరంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టైకి. 3.7 కిలోమీటర్ల ట్రాక్, చుట్టూ ఫ్యాక్టరీలు, నెత్తిన ఎండ. నువ్వు నడపబోయే టూరింగ్ కారంటే మన రోడ్ల మీద తిరిగే కారే. సీట్లు, ఏసీ, తివాచీ అన్నీ పీకేసి, లోపల ఇనప పైపులతో రోల్ కేజ్ కట్టి, నిన్ను బెల్టులతో బిగిస్తారు. ఆ ఏసీ పీకేయడం గురించే ఈ ఉత్తరంలో సగం ఉంటుంది, విసుక్కోకు.

లైసెన్సు ఎఫ్‌ఎంఎస్‌సీఐ, అంటే దేశంలో మోటారు రేసులు చూసుకునే సంఘం, ఇస్తుంది, మెడికల్ ముందే చేయించుకో. హెల్మెట్ సెకండ్ హ్యాండ్‌ది కొనకు, అది ఎక్కడ ఎన్నిసార్లు కింద పడిందో అమ్మేవాడు చెప్పడు. గుద్దుకున్నప్పుడు తల విసురుగా ముందుకు పోకుండా ఆపే హాన్స్ పట్టీ మెడకు బరువుగా ఉందని వదులు చేశావంటే నేనే వచ్చి చెవి మెలేస్తాను.

డబ్బు సంగతి. సీజన్ మొత్తానికి టైర్లు, ఎంట్రీ ఫీజులు, మెకానిక్కుల భోజనాలతో సహా కాగితం మీద రాసి, దాన్ని ఒకటిన్నర రెట్లు చెయ్యి. అంత చేతిలో లేకపోతే రెండు రౌండ్లే ఆడు, పరువేం పోదు. గూడూరు పొలం జోలికి మాత్రం వెళ్లావో, మీ నాన్న కంటే ముందు నేను అడ్డం పడతాను.

మా రోజుల్లో ఈ ట్రాక్ కూడా లేదు. షోలవరంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత రన్‌వే మీద పరిగెత్తించేవారు. నెల్లూరు నుంచి మద్రాసు బస్సెక్కితే దారిలోనే తగిలేది. ఆ కాలిన రబ్బరు వాసనకే నేను మెకానిక్కునయ్యాను. ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ 1990లో వచ్చింది. మారుతి 800 ఇంజనుతో రేసు కారు కట్టి కుర్రాళ్లకు దారి చూపించిన కరివర్ధన్ 1995లో విమానం కూలి పోయాడు. కోయంబత్తూరు ట్రాక్‌కి ఆయన పేరే పెట్టారు. నువ్వు అక్కడికీ వెళ్తావు. చిన్న ట్రాక్, ఊపిరి తీసుకునేంత పొడవున్న స్ట్రెయిట్, అంటే మలుపు లేని దారి, ఉండదు. వెళ్లినప్పుడు ఆయన్ని ఒకసారి తలుచుకో.

ఇక అసలు సంగతి. తొంభైల చివర్లో ఒక టీములో నేను పానాలు పట్టేవాణ్ని. కారు మారుతి ఎస్టీమ్. డ్రైవరు పేరు చెప్పను, ఇప్పుడు మనవళ్లను ఎత్తుకు తిరుగుతున్నాడు. సీజన్ చివరి రౌండుకి పాయింట్లలో అతనే ముందు. రేసు అయ్యాక కారునీ డ్రైవర్నీ కలిపి కాటా మీద పెడతారు, ఇంత బరువుకి తగ్గకూడదని రూలు. తగ్గితే గెలిచినా గెలవనట్టే. ఇతనికి లెక్కల పిచ్చి. ఎన్ని ల్యాపులు, ఎంత పెట్రోలు కాలుతుంది, లీటరుకి ముప్పావు కిలో చొప్పున ఎంత తగ్గుతుంది అంతా కట్టి, ట్యాంకులోంచి మరో రెండు లీటర్లు తీయించాడు. తీసింది నేనే, గొట్టం నోట్లో పెట్టుకుని. మా పెద్ద మేస్త్రీ "ఐదు కిలోలు ఎక్కువే ఉండనీ బాబూ" అన్నాడు. "ఊరికే మోయడానికి నేనేమన్నా లారీనా?" అన్నాడు డ్రైవరు.

పొద్దున హెల్మెట్‌తో సహా తను తూగిన బరువే లెక్కలో వేసుకున్నాడు. సూటు వేసుకున్నాక బాత్రూముకి వెళ్లడం తలనొప్పని, అప్పట్నుంచి చుక్క నీళ్లు ముట్టలేదు. ఆ మధ్యాహ్నం బానెట్ మీద చెయ్యి పెడితే చర్మం అంటుకుంది. లోపల మూడు పొరల సూటు, ముఖానికి ముసుగు, పైన హెల్మెట్. రేసు గెలిచాడు, బ్రహ్మాండంగా గెలిచాడు. గెలిచాక తిరిగే చివరి చుట్టులో కార్లు పరిగెత్తే నున్నటి లైను వదిలి, పక్కన టైర్లు రాల్చిన రబ్బరు ముక్కల మీదుగా రావాలి. వేడి టైర్లకు అవి అంటుకుంటే ఒకటి రెండు కిలోలు కలిసొస్తాయి. ముందే చెప్పాం. అతను చేతులూపుకుంటూ నున్నటి లైను మీదే వచ్చేశాడు. కళ్లు తిరుగుతున్నాయని మాకు తర్వాత తెలిసింది.

కాటా మీద కిలోన్నర తక్కువ. రెండోసారి తూచారు, అంతే. పాయింట్లు పోయాయి, టైటిల్ పోయింది. పెట్రోలు లెక్క సరిగ్గానే వేశాడు, తన చెమట లెక్క వేయలేదు. అక్కడే నేల మీద కూలబడ్డాడు. నెత్తిన బకెట్ నీళ్లు కుమ్మరించాం. అందులో పావు వంతు పొద్దున తాగి ఉంటే చాంపియనయ్యేవాడు.

టైటిల్ మాట అటుంచు. హెల్మెట్ పట్టీ ఊడదీసుకోవడానికి వేళ్లు పనిచేయక గడ్డం కింద తడుముకుంటున్న ఆ చేతులు నాకు ఇప్పటికీ గుర్తొస్తాయి. అవే చేతులు కొద్ది నిమిషాల ముందు స్ట్రెయిట్ చివర మొదటి మలుపు సీ1లో, ఆ వేగంలో, కారు తిప్పాయి.

అందుకే అడుగుతున్నాను, నువ్వు నీళ్లు తాగుతావా? ఆఫీసులో పొద్దున నింపిన బాటిల్ సాయంత్రం అలాగే ఇంటికి తెస్తావని అమ్మ చెప్పింది. ట్రాక్ దగ్గర బాత్రూము దూరమని, అంతా మగవాళ్లేనని తాగడం మానేస్తావు, నాకు తెలుసు. అలా చేయకు. రేసుకి ముందురోజు నుంచే ఉప్పు వేసిన మజ్జిగ తాగుతూ ఉండు. సూటు విప్పడానికి పది నిమిషాలు పడితే పట్టనీ. ఎవడైనా నవ్వితే నా నంబరు ఇవ్వు.

డ్రైవింగ్ గురించి రెండే ముక్కలు. నీది ముందు చక్రాలే లాగే ఫ్రంట్ వీల్ కారు, కుడి మలుపులే ఎక్కువున్న ట్రాక్, కాబట్టి ముందు ఎడమ టైరు మీదే భారమంతా పడుతుంది. మొదటి ల్యాపుల్లోనే దాన్ని కాల్చేయకు. ప్రతి రౌండుకీ బ్రేక్ ఆయిల్ మార్పించు. తేమ పీల్చిన ఆయిల్ మరిగిపోతే పెడల్ నేలకు ఆనుతుంది, ఆ తర్వాత నీ నైపుణ్యం ఎందుకూ పనికిరాదు.

అమ్మ మొదటి రౌండుకి రానంటుంది. బలవంతం చేయకు. ఆవిడ వస్తే స్టాండ్‌లో కళ్లు మూసుకుని కూర్చుంటుంది, నువ్వు పిట్‌లోంచి ఆవిడనే చూస్తూ కూర్చుంటావు. మూడో రౌండుకి నేనే తీసుకొస్తాను. మొదటి రౌండుకి నేను వస్తున్నాను, నన్ను అడగక్కర్లేదు. కాటా పక్కనే నిలబడతాను.

కారు ఎవరి దగ్గర కడుతున్నావో వాళ్ల బిల్లులు, కారు తనిఖీ చేసిన స్క్రూటినీ కాగితాలు రెండు వైపులా ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి. వెలుతురులో తియ్యి, పోయినసారి పంపింది ఒక్క అక్షరం కనబడలేదు.

మావయ్య